ఆఫీసులో ఒకరి పాట ఇంకొకరు వినడం: మీ దగ్గర ఎలా జరుగుతోంది?

రాయదుర్గం లైన్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో పద్నాలుగు మందిమి. వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. సగం మంది ఈమధ్య చేరినవాళ్లే. శ్రీకాకుళం, అనంతపురం, కరీంనగర్ జిల్లాల వాళ్లతో పాటు ఇద్దరు తమిళులు, ఒక ఒడియా అమ్మాయి, ఒక బెంగాలీ అబ్బాయి ఉన్నారు. ఎవరికీ ఎవరితో గొడవ లేదు. కానీ పొద్దున స్టాండప్ కాల్ (రోజూ ఎవరి పని వాళ్లు చెప్పుకునే చిన్న మీటింగ్) అయిపోతే మాట కూడా అక్కడితో సరి. లంచ్‌లో ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎవరి ఇయర్‌ఫోన్స్ వాళ్లు పెట్టుకుంటారు.

ఆ ఇయర్‌ఫోన్స్ చూసే నాకు ఈ ఆలోచన వచ్చింది. అందరూ ఏదో ఒకటి వింటున్నారు కదా, అదేదో పక్కవాళ్లకి చెబితే ఎలా ఉంటుందని. హెచ్‌ఆర్ వాళ్లు నెలకోసారి హౌసీ, క్విజ్ పెడతారు. అందరూ వస్తారు, ఆడతారు, వెళ్లిపోతారు. మర్నాటికి ఏమీ మిగలదు.

పాటల విషయంలో నాకు రెండు భయాలున్నాయి. తెలుగు సినిమా పాటలతోనే నిండిపోతే మిగతా నలుగురూ దూరమైపోతారేమో. ఏ హీరో పాట అన్న దగ్గర మొదలై గొడవ ఎక్కడికి పోతుందో. మీ ఆఫీసుల్లో, స్కూళ్లలో, షాపుల్లో ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే ఎలా మొదలుపెట్టారో, ఏది నిలిచిందో రాయండి.

ల్యాబ్ కిటికీ (గుంటూరు)

మాది ఆసుపత్రి ల్యాబ్. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా శాంపిళ్లతో ఊపిరాడదు. అప్పుడు పాటల ప్రసక్తే లేదు. మధ్యాహ్నం రిపోర్టులు పంపేశాక, టీ వేళకి మొదలవుతుంది.

మా సీనియర్ టెక్నీషియన్ గారు ఆకాశవాణి విజయవాడ కేంద్రం వింటూ పెరిగిన మనిషి. జనరంజనిలో పాట కంటే ముందు అది కోరినవాళ్ల పేర్లు, ఊళ్లు చదివేవారు గుర్తుందా? ఆయన అదే పద్ధతి ఇక్కడ పెట్టారు. రోజుకి ఒక్కటే పాట. వేసే ముందు ఎవరు కోరారో చెప్పాలి, ఎందుకు కోరారో ఆ మనిషే రెండు ముక్కల్లో చెప్పాలి.

మా ల్యాబ్ శుభ్రం చేసే ఆమె ఒకరోజు జిక్కి పాడిన పాత పాట ఒకటి అడిగింది. వాళ్లమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేదట. అక్కడ ఆడవాళ్లు ఆకు వేరుచేస్తూ ఆ పాట పాడుకునేవాళ్లట. మా అందరికీ ఆమె పేరు తెలుసు గానీ ఊరు తెలియదు. ఆ రోజు తెలిసింది. మా ఫార్మసిస్టు అమ్మమ్మది కూడా ఆ పక్క ఊరేనట. ఇప్పుడు వాళ్లిద్దరూ పండక్కి ఒకే బస్సులో వెళ్తారు.

మీకు నా సలహా ఒక్కటే. పాటకి ముందు ఆ రెండు ముక్కలూ తప్పనిసరి చేయండి. ఊరికే లింకులు వచ్చి పడుతుంటే ఎవరూ నొక్కరు.

మానేరు గట్టు (సిరిసిల్ల)

ల్యాబ్ కిటికీ గారు చెప్పింది చదివితే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ బీడీలు చుట్టేది. చాటల్లో తునికాకు, తంబాకు పెట్టుకొని మా వాడకట్టు ఆడవాళ్లంతా ఒకరింటి అరుగు మీద కూడేవాళ్లు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని చుట్టినా అదే కూలి. అయినా ఒక్కచోటికి వచ్చేది పాట కోసం, ముచ్చట కోసం.

మా నాయన సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాడు. ఆ షెడ్డులో పాట అన్న మాటే లేదు. సాంచాల సప్పుడుకు పక్కమనిషి అరిచినా వినపడదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. ఒక్క ఇంట్లోనే రెండు రకాల పని చూసిన. అమ్మకి తనతో పనిచేసిన అందరి ఇంటి సంగతులూ తెలుసు. నాయనకి పక్క సాంచా నడిపినాయన పిల్లలెందరో తెలియదు. మనిషిలో తేడా కాదు అది. పని జాగాలో ఒకరి గొంతు ఒకరికి వినపడుతుందా లేదా అన్నదే.

ఇప్పుడు నేను ప్రభుత్వ ఆఫీసులో చేస్తున్న. మా దగ్గర ఏడాదికోసారి బతుకమ్మ ఆడతారు. అందులో ఒకటి గమనించండి. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. చరణం తెలియకున్నా నడుస్తుంది. అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చిన మేడమ్ రెండో చరణానికే అందుకున్నది. నాట్ల పాటలు కూడా అంతే, ఒకరు ఎత్తుకుంటే పది మంది అందుకుంటారు. కొత్తవాళ్లకు చిన్న ముక్క అప్పజెప్పే పాట దొరికితే భాష అడ్డం రాదు.

నిశ్శబ్దం నా పక్షం (బెంగళూరు)

కొంచెం ఎదురు మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

నేను డాక్యుమెంటేషన్ రాస్తాను. రోజంతా వాక్యాలతోనే పని. మా పాత ఆఫీసులో ‘బంధం పెంచడానికి’ అని హాల్లో స్పీకర్ పెట్టారు. తెలుగు పాట వస్తే నా పని ఆగిపోయేది. తెలియని భాషలో పాట వచ్చినా గొంతు వినిపిస్తే చాలు, రాస్తున్న వాక్యం చేజారేది. ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 1989లో సలామే, బాడ్లీ అనే పరిశోధకులు చూపించారు: గాత్రం ఉన్న సంగీతం వినిపిస్తుంటే అంకెల వరస గుర్తుపెట్టుకోవడం బాగా దెబ్బతింటుంది, వాద్యం మాత్రమే ఉంటే అంత దెబ్బతినదు. చదవడం, రాయడం, లెక్క చూడటం మీద బతికే ఆఫీసులకి ఇది పెద్ద విషయం.

రెండోది. వద్దు అని చెప్పడం చాలా కష్టం. అందరూ సంబరంగా ఉంటే ‘కొంచెం తగ్గిస్తారా’ అన్నవాళ్లు ముభావం మనుషులైపోతారు. నేను అడగలేక తలనొప్పి మాత్ర వేసుకుని కూర్చున్న రోజులున్నాయి.

పాటలు పంచుకోవడానికి నేను వ్యతిరేకిని కాదు, నాకు పాటలంటే ప్రాణం. నా చెవి మీద అధికారం నా దగ్గరే ఉండనివ్వమంటున్నాను.

రాయదుర్గం లైన్

నిశ్శబ్దం గారూ, కోపమెందుకండీ, ఇది నాకు చాలా అవసరమైన మాట. స్పీకర్ ఆలోచన ఇప్పుడే పక్కన పెట్టేశాను. మా టీమ్‌లో ఇద్దరు రోజంతా కోడ్ రివ్యూలోనే (వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాం చదివి తప్పులు చూడటంలోనే) ఉంటారు, వాళ్లదీ మీ పరిస్థితే అవుతుంది.

బర్మింగ్‌హామ్ తెలుగు (యూకే)

స్పీకర్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడి చరిత్ర కొంచెం చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా బీబీసీ 1940 జూన్ 23న ఫ్యాక్టరీ కార్మికుల కోసమే ఒక సంగీత కార్యక్రమం మొదలుపెట్టింది. పొద్దున ఒక అరగంట, మధ్యాహ్నం ఒక అరగంట. సరిగ్గా మనిషి అలసిపోయే వేళలు. యంత్రాల హోరులో వినపడాలని సంగీతాన్ని ఒకే మట్టంలో ఉంచేవాళ్లు. గాత్రం కంటే వాద్యానికే పెద్దపీట. మధ్యలో చప్పట్లు వచ్చే ఒక పాటని పూర్తిగా పక్కన పెట్టేశారు, ఎందుకంటే కార్మికులు పనిముట్లతో తాళం వేసేవాళ్లు. 1967 దాకా అది నడిచింది.

నిశ్శబ్దం గారు చెప్పిన విషయం వాళ్లకి ఆనాడే తెలుసు. రోజంతా మోగించలేదు. చేతిపనికి నప్పేది ఎంచుకున్నారు. కానీ ఆ ఏర్పాటు ఉత్పత్తి కోసం. పాట ఎవరు ఎంచుకున్నారో కార్మికుడికి తెలియదు. మీకు కావలసింది మనుషుల మధ్య మాట. కాబట్టి అరగంట పద్ధతి తీసుకోండి, పాట ఎంపిక మాత్రం మనుషుల చేతికి ఇవ్వండి.

ఇంకో సంగతి. ఇక్కడ పనిచేసే చోట స్పీకర్ పెట్టాలంటే లైసెన్సు ఉండాలి. ఇండియాలో ఎలాగో తెలిసినవాళ్లు చెప్పాలి.

మిక్సింగ్ బల్ల (హైదరాబాద్)

నేను సౌండ్ పని చేస్తాను కాబట్టి ఇది చెప్పగలను. మన దగ్గర 1957 కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల హక్కులు చూసే సంస్థ ఐపీఆర్ఎస్. రికార్డింగ్ హక్కులకి లైసెన్సులిచ్చేది పీపీఎల్. కంపెనీ ఆవరణలో రోజూ స్పీకర్‌లో మోగిస్తే లైసెన్సు ప్రశ్న వస్తుంది. పైగా స్పాటిఫై, జియోసావన్ లాంటి యాప్‌ల షరతుల్లోనే సొంత వినికిడికి మాత్రమే అని ఉంటుంది. కాబట్టి మీ అడ్మిన్ వాళ్లని అడక్కుండా హాల్లో స్పీకర్ పెట్టకండి. ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరి ఖాతాలో వాళ్లు వింటే ఈ బాధ లేదు.

ఇక లింకుల సంగతి. ఒకరికి స్పాటిఫై, ఒకరికి జియోసావన్, ఒకరికి యూట్యూబ్. లింకు ఒక్కటే పంపితే సగం మందికి తెరుచుకోదు. పాట మొదటి మాటలు, పాడినవాళ్లు, బాణీ ఎవరిది, పాట ఎవరు రాశారు అనేవి టైప్ చేసి పంపండి. ఎవరి యాప్‌లో వాళ్లు వెతుక్కుంటారు. పాట రాసినవాళ్ల పేరు మాత్రం దయచేసి వదలకండి, యాప్‌లు చాలాసార్లు ఆ పేరే చూపించవు.

ఇంటి నుంచి చేసే రోజుల్లో అందరూ ఒకేసారి వినాలంటే స్పాటిఫైలో జామ్ అని ఉంది, 2023లో వచ్చింది. ప్రీమియం, అంటే డబ్బు కట్టిన ఖాతా ఉన్నవాళ్లే దాన్ని మొదలుపెట్టగలరు.

రెండు చెవి మిషన్లు (విశాఖపట్నం)

ఈ చర్చలో నా లాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారో లేదో. నాకు చిన్నప్పటి నుంచి వినికిడి తక్కువ. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటాను. ఎదురుగా కూర్చున్న మనిషి మాట అందుతుంది. పాట మాత్రం గజిబిజిగా వస్తుంది. ఈ మిషన్లు ముఖ్యంగా మాట కోసం తయారైనవి. పైగా గదిలో స్పీకర్ మోగుతుంటే అందే మాట కూడా అందకుండా పోతుంది. మీరంతా పాట వింటూ దగ్గరవుతుంటే నేను అక్కడే ఉండి దూరమవుతాను.

కానీ మా ఆఫీసులో ఒకసారి మంచి పని జరిగింది. మా సెక్షన్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తనకిష్టమైన పాట గురించి రాస్తూ, అందులో ఏ వాక్యం తనకెందుకు నచ్చిందో పేరా రాశారు. వాళ్ల నాన్నగారు హార్బర్‌లో కళాసీ. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆ ఒక్క వాక్యమే మళ్లీ మళ్లీ పాడుకునేవారట, మిగతా పాట ఆయనకి రాదట. ఆ పాట నేను సరిగ్గా వినలేను. ఆ పేరా మాత్రం ఎన్నిసార్లు చదివానో. మర్నాడు వెళ్లి ఆయనతో మాట్లాడాను, అంతకుముందు ఫైళ్ల గురించి తప్ప మాట్లాడింది లేదు.

రాయదుర్గం గారూ, మీరు ఏం చేసినా రాతలో కూడా పెట్టండి. పాట ఎక్కడ దొరుకుతుందో మాత్రమే రాస్తే నాకు చాలదు, అది మీకేమిటో రాయండి.

మానేరు గట్టు

రెండు చెవి మిషన్లు గారూ, మీరు రాసినంక ఒకటి తట్టింది. సాంచాల షెడ్డులో మా నాయన వాళ్లకు కూడా ఇదే కావాల్సి ఉండె. వినపడని జాగాలో రాసి చూపించుకునే అవకాశం.

నాలుగో అంతస్తు (విజయవాడ)

హీరోల గొడవ గురించి అడిగారు కదా, అనుభవం చెప్తాను. కంపెనీ పేరు అనవసరం. మా గ్రూపులో రోజుకో పాట బాగానే నడిచింది. ఎన్నికల ముందు ఒకాయన ఒక పార్టీ పాట పెట్టాడు. ఇంకొకాయన ఎదురు పార్టీ పాట పెట్టాడు. ఆ తర్వాత కులం పేరుతో వచ్చిన పాట ఒకటి పడింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్లు లేవు, గొడవ లేదు. ఆ రోజు నుంచి గ్రూపులో పాట పెట్టడమే ఆగిపోయింది. క్యాంటీన్‌లో బల్లలు కూడా మారిపోయాయి.

కాబట్టి మొదటి రోజే ఒక మాట అనుకోండి: పార్టీ పాటలు, కులం పాటలు ఇక్కడ వద్దు. భక్తి పాటల మీద నిషేధం అక్కర్లేదని నా అభిప్రాయం. ఎవరి ఇంట్లో ఏ పాటతో తెల్లవారుతుందో తెలియడం మంచిదే. ‘ఇది వినండి, పుణ్యం’ అనకుండా ‘మా ఇంట్లో పొద్దున ఇది వినిపిస్తుంది’ అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మా ఆఫీసులో ఒక క్రైస్తవ అమ్మాయి క్రిస్మస్ ముందు వాళ్ల చర్చి కొయిర్ రికార్డింగ్ అలాగే పంపింది, అందరూ విన్నారు.

కావేరి గట్టు నుంచి (నెల్లూరు)

నేను తమిళ మనిషిని, ఉద్యోగం నెల్లూరులో. తెలుగు రాయడం ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి.

మా ఊరు తిరువయ్యారు దగ్గర. ప్రతి ఏడాదీ త్యాగరాజ ఆరాధనలో వందల మంది కూర్చుని పంచరత్న కీర్తనలు ఒకే గొంతుతో పాడతారు. అందులో చాలామందికి తెలుగు మాట్లాడటం రాదు. నాకూ రాదు అప్పట్లో. చిన్నప్పుడు పాట క్లాసులో ఆ కీర్తనలు కంఠస్థం చేశాను. అర్థం టీచర్ చెప్పినంత వరకే.

ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఒకరోజు లంచ్‌లో త్యాగరాజ కీర్తన హమ్ చేస్తుంటే మా అకౌంట్స్ మేడమ్ ‘అది తెలుగే కదమ్మా, ఆ మాటకి అర్థం తెలుసా’ అని అడిగారు. ప్రతి లంచ్‌లో ఒక చరణం విడమరిచి చెప్పేవారు. నా తెలుగు అలా మొదలైంది. ఆవిడకి రాగం పేర్లు తెలియవు, అవి నేను చెప్పేదాన్ని.

మీ టీమ్‌లో తమిళులిద్దరూ దూరమైపోతారని భయపడకండి. మీకు తెలియని తెలుగు వాళ్ల దగ్గర ఉండొచ్చు.

బ్యాంకు కౌంటర్ నంబర్ మూడు (అనంతపురం)

ఇంతసేపూ వినడం గురించే మాట్లాడుతున్నారు. పాడటం గురించి ఎవరూ అడగలేదు.

మా బ్రాంచిలో మూడేళ్లకోసారి అందరికీ బదిలీ. ఒకరికొకరు అలవాటయ్యే లోపే ఆర్డర్లు వచ్చేస్తాయి. అందుకే మాకు త్వరగా కలవడం అవసరం. మార్చి నెలాఖరున ఖాతాలు మూసే రాత్రి బ్రాంచిలో అందరం ఉంటాం. సర్వర్ నెమ్మదించి, స్క్రీన్ తిరుగుతూ కూర్చున్నప్పుడు మా క్యాషియర్ చెక్కభజన పాట ఎత్తుకుంటాడు. ఆయనది చెక్కభజన చేసే కుటుంబం. చేతిలో చెక్కలు లేకపోతే స్టాంపు ప్యాడ్ డబ్బాలతో తాళం. ఆ రాత్రి పాడిన కొత్త పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) మర్నాటి నుంచి ‘సార్’ మానేసి ‘అన్నా’ అంటాడు.

2015లో ఇంగ్లండ్‌లో ఒక అధ్యయనం జరిగింది. పెద్దవాళ్ల కోసం నడిచే తరగతుల్లో కొందరు కలిసి పాట నేర్చుకున్నారు, కొందరు చేతిపనులు, కొందరు రచన. ఏడు నెలల తర్వాత చూస్తే అందరూ దగ్గరయ్యారు. కానీ పాడినవాళ్లు మొదటి నుంచే వేగంగా దగ్గరయ్యారు. అధ్యయనం చేసినవాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ ఉన్నారు. మా మార్చి రాత్రులు చూసినవాడికి ఇందులో వింత ఏమీ లేదు.

ఆఫీసులో అందరినీ పాడమని నిలబెట్టడం మాత్రం వద్దు. ఎత్తుకునేవాళ్లు ఒకరుంటే చాలు, అందుకునేవాళ్లు అందుకుంటారు.

రాయదుర్గం లైన్

అందరికీ ధన్యవాదాలు. వెంటనే జవాబు రాయకుండా కొన్ని వారాలు చేసి చూసి రాద్దామని ఆగాను.

స్పీకర్ లేదు. చాట్‌లో విడిగా ఒక చానెల్ పెట్టాం, ఇష్టమున్నవాళ్లే చేరతారు. బుధవారం ఒకరి వంతు. పాట పేరు, పాడినవాళ్లు, రాసినవాళ్లు, ఆ తర్వాత ‘ఇది నాకేమిటి’ అని నాలుగైదు వాక్యాలు. ఏ భాషలోనైనా రాయొచ్చు, కింద ఇంగ్లిష్‌లో సారాంశం ఉండాలి. పార్టీ, కులం పాటలు వద్దని మొదటి పోస్టులోనే రాశాం. చానెల్‌లో ఎవరున్నారో, ఎవరు లేరో నేను చూడనని కూడా చెప్పాను. ఇద్దరు ఇప్పటికీ చేరలేదు. వాళ్లని ఎవరూ అడగలేదు.

మొదటి రెండు బుధవారాలు సినిమా పాటలే వచ్చాయి, జవాబుల్లో బొటనవేలు బొమ్మలే. మూడో వారం శ్రీకాకుళం అబ్బాయి సినిమా పాట పెట్టలేదు. వాళ్ల మేనమామ తప్పెటగుళ్ల బృందంలో ఉన్నారు. ఊరి పండగలో ఫోన్లో తీసిన వీడియో పెట్టాడు. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, వాయిస్తూ, గెంతుతూ పాడుతున్నారు. సౌండ్ బాగోలేదు, మధ్యలో ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఊరు పాతపట్నం దగ్గర అని రాశాడు.

పది నిమిషాల్లో మా ఒడియా అమ్మాయి నుంచి జవాబు వచ్చింది. తెలుగు లిపిలో! వాళ్లది పర్లాకిమిడి. పాతపట్నం, పర్లాకిమిడి పక్కపక్కనే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఆ అమ్మాయి అమ్మమ్మ తెలుగే మాట్లాడుతుంది, తనకి చదవడం, రాయడం కూడా వచ్చు. ఇన్నాళ్లూ మాతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడేది, మేమెవరమూ అడగలేదు. వాళ్లిద్దరూ ఒకే ప్రాజెక్టులో, ఎదురెదురు సీట్లలో ఉన్నారు. ఆ రోజు లంచ్ బల్ల దగ్గర ఇయర్‌ఫోన్స్ లేవు. గంటసేపు సంతల గురించి, రైలు గురించి, ఎవరి మామిడికాయ పచ్చడి ఎలా ఉంటుందన్న దాని గురించి మాట్లాడుకున్నారు, మిగతావాళ్లం మధ్యలో దూరాం.

తర్వాతి వంతు తనదే. ఒడియా గాయకుడు అక్షయ మొహంతి పాట పెట్టి, వాళ్ల నాన్నకి ఆయన గొంతంటే ఎంత ఇష్టమో రాసింది. బెంగాలీ అబ్బాయి బౌల్ పాట (బెంగాల్ జానపద పాట) సిద్ధం చేస్తున్నాడని విన్నాను.

అన్నీ ఇలాగే ఉన్నాయని చెప్పను. ఒక వారం ఎవరూ ఏమీ రాయలేదు, సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని ఉంది. దాన్ని అలాగే వదిలేశాం.

రెండు చెవి మిషన్లు

తప్పెటగుళ్ల వీడియో అయితే నాకూ అందుతుంది. ఆ అడుగులు, ఆ చేతులు చూస్తే తాళం తెలిసిపోతుంది. మా అత్తగారిది విజయనగరం జిల్లా, అక్కడ దగ్గరగా నిలబడి చూశాను. దెబ్బ ఛాతీలో తగులుతుంది.

నిశ్శబ్దం నా పక్షం

చానెల్‌లో ఎవరున్నారో చూడను అన్నారు చూడండి, ఆ మాట ఏ మేనేజరూ నాతో అనలేదు. అలాంటి చోట నేనే ముందు చేరతాను. మీ టీమ్‌లో ఖాళీలుంటే చెప్పండి, నిజంగానే అడుగుతున్నాను.

కొత్త సభ్యుడు (వరంగల్)

చివర్లో చేరాను, ఒక సందేహం. మా స్కూల్ స్టాఫ్ రూమ్‌లో ఇలాంటిది మొదలుపెట్టాం. ఒక సీనియర్ టీచర్ గారు అందరి పాటలూ వింటారు, అన్నింటికీ చక్కగా జవాబు రాస్తారు. తన వంతు వస్తే మాత్రం ‘నాకేం తెలుసు, మీరే పెట్టండి’ అంటారు. బలవంతం చేయాలని లేదు. అలా వదిలేయాలనీ లేదు. ఏం చేయాలి?

ల్యాబ్ కిటికీ

మా దగ్గరా అలాంటి మేడమ్ ఉన్నారు. పాట అడిగితే దాటేసేవారు. మా సీనియర్ గారు ఒకసారి పాట సంగతి వదిలేసి, ‘మీ చిన్నప్పుడు ఇంట్లో రేడియో ఎక్కడ ఉండేది మేడమ్’ అని అడిగారు. వంటింటి గూట్లో అని మొదలుపెట్టి అరగంట చెప్పారు. అందులో మూడు పాటలు వాటంతటవే వచ్చాయి. ఆ సాయంత్రం వాటిలో ఒకటి ఆవిడ పేరుతోనే వేశాం. మీ టీచర్ గారిని రేడియో గురించో, పెళ్లి ఊరేగింపులో వాయించిన బ్యాండు మేళం గురించో అడిగి చూడండి.

కొత్త సభ్యుడు

సోమవారం అడుగుతాను. ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.